ఆ నలభై శాతం ఎవరు?

మెయిల్ పంపిన గంటకే తెర మీద అంకె పడుతుంది: ఓపెన్ రేటు 40 శాతం. మైలాపూరులో కచేరీల కబురు పంపే చిన్న సభ కార్యదర్శి కావచ్చు, అంబత్తూరులో మోటారు పంపులు అమ్మే వ్యాపారి కావచ్చు, ఆ అంకె చూసి సంతోషపడి, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో కమిటీకి పంపి ఊరుకుంటారు. నూటికి నలభై మంది మన ఉత్తరం విప్పారు, ఇంకేం కావాలి? ఆ నలభై మంది ఎవరు, నిజంగా విప్పారా, అసలు ఆ నూరు ఏ నూరు అన్న అనుమానాలు ఆ తెర చూస్తే పుట్టవు. పుట్టాలంటే దాని వెనకున్న వివరాల ఫైలు దించుకోవాలి. ఎక్స్‌పోర్ట్ అనే మీట దాదాపు ప్రతి సాధనంలోనూ ఉంటుంది. నొక్కేవాళ్ళు తక్కువ, దించుకున్న ఫైలు విప్పి చూసేవాళ్ళు ఇంకా తక్కువ.

పాఠకుణ్ణి లెక్కపెట్టే తాపత్రయం చెన్నైకి కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఈ ఊరికొచ్చి దినపత్రిక అయింది. 1947 జూలైలో చందమామ ఇక్కడే పుట్టింది. ఆ మరుసటేడే, 1948లో, పత్రికల అమ్మకాలను తనిఖీ చేసి ధ్రువపరిచే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడింది. ఆ కాలపు లెక్కకు ఒక మంచి గుణం ఉంది: తానేం లెక్కపెడుతోందో దాచుకోలేదు. అమ్ముడుపోయిన ప్రతులు ఇన్ని, అంతే. ఒక్క చందమామ ఇంటిల్లిపాదీ చదివి, పక్కింటికి వెళ్ళి, అట్ట ఊడిపోయి తిరిగొస్తే చదివినవాళ్ళెందరో ఆ లెక్క చెప్పలేదు, చెబుతున్నానని అనలేదు. అసలు పాఠకులు ఆ అంకెకన్నా ఎక్కువే ఉంటారని అందరికీ తెలుసు. ఈమెయిల్ ఓపెన్ రేటు తిరగబడ్డ వ్యవహారం. తాను చదువరులను లెక్కపెడుతున్నట్టు కనబడుతుంది, లెక్కపెట్టేది వేరు.

ఇప్పుడా లెక్కపెట్టే యంత్రాలు తయారయ్యేదీ ఈ ఊళ్ళోనే. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై 2009లో జోహో కార్పొరేషన్‌గా పేరు మార్చుకున్న సంస్థ, జీఎస్‌టీ రోడ్డులో గూడువాంచేరి దగ్గర పెద్ద ప్రాంగణం కట్టుకుని, అక్కడి నుంచి జోహో క్యాంపెయిన్స్ అనే మెయిల్ సాధనాన్ని ప్రపంచమంతా అమ్ముతోంది. 2010లో ఫ్రెష్‌డెస్క్‌గా మొదలైన ఫ్రెష్‌వర్క్స్, జార్గెట్ అనే మరో చెన్నై సంస్థను 2017లో కొనుక్కుని, దాని మీద ఫ్రెష్‌మార్కెటర్‌ను కట్టింది. 2021 సెప్టెంబరులో అమెరికా నాస్‌డాక్ మార్కెట్లో చేరింది. అట్లాంటాలో 2001లో పుట్టిన మెయిల్‌చింప్‌తో పోటీపడే సరుకు చెంగల్పట్టు దారిలో తయారవుతోందంటే ముచ్చటే. సాధనం ఎవరిదైనా నివేదికలోని గళ్ళు మాత్రం ఇంచుమించు ఒకటే: పంపినవి, చేరినవి, తెరిచినవి, నొక్కినవి, తిరిగొచ్చినవి, జాబితా నుంచి తప్పుకున్నవాళ్ళు, స్పామ్ అని ఫిర్యాదు చేసినవాళ్ళు. వీటిలో ఒక్కోదాని నమ్మకం ఒక్కో రకం. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనబడేదే అన్నిటికన్నా బలహీనమైనది.

మెయిల్ చదివినవాడు పంపినవాడికి ఏ కబురూ చెయ్యడు. అందుకని మెయిల్ అడుగున కంటికి ఆనని బొమ్మ ఒకటి పెడతారు. ఒక పిక్సెల్ పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు, రంగు లేదు. ఒక్కొక్కరికి వెళ్ళే బొమ్మ చిరునామా వేరు. మెయిల్ తెరవగానే ఫోను ఆ బొమ్మ కావాలని సర్వర్‌ను అడుగుతుంది. ఎవరి బొమ్మ అడిగిందో చూసి, ఫలానావారు ఫలానా వేళకు తెరిచారని సర్వర్ రాసుకుంటుంది. చూపు పడిందా, చదివారా, చిరాకుపడి చెరిపేశారా అన్నది దానికి తెలియదు. బొమ్మ దిగితే ఒకటి, దిగకపోతే సున్నా.

ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. మెయిల్ పెట్టెలో బొమ్మలు ఆపేసుకున్నవాళ్ళు అక్షరం అక్షరం చదివినా సున్నాయే. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను మధ్యలో తెంపి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. బొమ్మ అడుగున ఉంటే తెగిన ముక్కతో పాటే పోతుంది, లెక్క పడదు. ఇక్కడ తెలుగులో మెయిల్ రాసేవాళ్ళకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకు, ప్రతి గుణింతపు గుర్తుకు, ప్రతి పొల్లుకు మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18. అదే కబురు ఇంగ్లీషులో పంపితే 102 లోపల ఇమిడిపోతుంది, తెలుగులో పంపితే తెగుతుంది. నివేదిక చూసినవాళ్ళు ‘తెలుగు మెయిళ్ళు ఎవరూ తెరవట్లేదు’ అని తీర్మానించి ఇంగ్లీషుకు మారిపోతారు. ఈ తప్పు తీర్మానం ఖరీదు డబ్బుల్లో లెక్కకట్టేది కాదు.

పైవైపు తప్పు ఇంకా పెద్దది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సొంత సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది. దానితో తెరిచినవారి ఊరు పంపినవారికి తెలియకుండా పోయింది. నివేదికలోని ఊళ్ళ పటం చూసి నెల్లూరు పాఠకుణ్ణి కాలిఫోర్నియావాడనుకుంటే ఆ పాపం గూగుల్ సర్వర్లది. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో యాపిల్ ఇంకో అడుగు వేసింది. యాపిల్ మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణకు ఒప్పుకున్నవాళ్ళ మెయిళ్ళలోని బొమ్మలను, మెయిల్ తెరిచినా తెరవకపోయినా, తన మధ్యవర్తి సర్వర్లతో ముందే దింపించేస్తుంది. అంటే చాలావరకు ఆ మెయిళ్ళన్నీ ‘తెరిచినట్టే’. అంతకు ఏడాది ముందు, 2020లో, హే అనే మెయిల్ సేవ ఈ బొమ్మలకు గూఢచారి పిక్సెళ్ళని పేరు పెట్టి, ఆపేస్తామని చెప్పుకుంటూనే మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడు మన జోహో కూడా తన వెబ్‌సైట్లలో పరాయి సంస్థల ట్రాకర్లను తీసేశామని ప్రకటించింది. మెచ్చుకోవలసిన పనే. అలాంటి సంస్థ అమ్మే మెయిల్ సాధనం కూడా ఓపెన్లు లెక్కపెట్టాలంటే ఆ చిన్న బొమ్మ మీదే ఆధారపడక తప్పదు. వ్యాపారంలో ఇలాంటివి మామూలే, అయినా గమనించి ఉండటం మంచిది.

క్లిక్ సంగతి కాస్త నయం. మెయిల్‌లోని ప్రతి లంకె ముందు సాధనం సర్వర్‌కు వెళ్ళి, అక్కడ పేరు రాయించుకుని, ఆ తరవాత అసలు పేజీకి మళ్ళుతుంది. మనిషి వేలు కదిపితే తప్ప ఇది జరగదనుకున్నాం. ఇప్పుడు పెద్ద ఆఫీసుల మెయిల్ ద్వారాల దగ్గర కాపలా యంత్రాలున్నాయి. లోపల విషం ఉందేమో చూద్దామని ప్రతి లంకెనూ అవే ముందు నొక్కి చూస్తాయి. తెర మీది మొత్తంలో ఈ యంత్రపు నొక్కుళ్ళు కలిసిపోతాయి. వరసలుగా దించుకున్న ఫైలులో మాత్రం ఇట్టే దొరికిపోతాయి: మెయిల్ చేరిన రెండు మూడు సెకన్లలో, ఒకే చిరునామా నుంచి, పైనుంచి కిందిదాకా ఉన్న లంకెలన్నీ. అంత వేగంగా, అంత శ్రద్ధగా మెయిల్ చదివే మనిషి ఓల్డ్ మహాబలిపురం రోడ్డు మీద ఏ టవర్‌లోనూ లేడు. ఈ యంత్రాలు ‘నాకు వద్దు’ లంకెను కూడా నొక్కి, పాఠకుణ్ణి అతనికి తెలియకుండానే జాబితా నుంచి తప్పిస్తే? ఆ భయంతోనే 2017లో వచ్చిన ఒక్క నొక్కు అన్‌సబ్‌స్క్రైబ్ ప్రమాణం, ఊరికే పేజీ తెరిచి చూస్తే సరిపోని విధంగా, విడిగా ఒక అభ్యర్థన పంపితేనే తప్పించేలా రాశారు.

‘చేరినవి’ అన్న గడి గురించి ఒక్కమాట. అవతలి సర్వర్ మెయిల్‌ను పుచ్చుకుందని మాత్రమే దాని అర్థం. పుచ్చుకుని స్పామ్ పెట్టెలో పడేసినా, జీమెయిల్‌లో 2013 నుంచి ఉన్న ప్రమోషన్స్ అరలో తోసేసినా ‘చేరినట్టే’. తిరిగొచ్చినవాటిలో 5తో మొదలయ్యే కోడ్ ఉంటే శాశ్వతం: ఆ పేరుతో ఎవరూ లేరు, మళ్ళీ పంపొద్దు. 4తో మొదలైతే తాత్కాలికం: పెట్టె నిండిపోయింది, లేదా అవతలివాళ్ళు కాసేపాగమన్నారు. ఇంతకుమించి ఆ గడిలో పెద్ద రహస్యాలు లేవు.

ఫిర్యాదుల గడి మాత్రం అమాయకంగా కనబడి మోసం చేస్తుంది. యాహూ లాంటి సేవలు ఎవరు స్పామ్ మీట నొక్కారో పంపేవారి సాధనానికి చెబుతాయి. జీమెయిల్ చెప్పదు. మన ఊళ్ళలో పదిమంది చిరునామాలు అడిగితే దాదాపు అన్నీ జీమెయిలే కాబట్టి, నివేదికలో ‘ఫిర్యాదులు 0’ అని చూసి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికి లేదు. జీమెయిల్ లెక్క కావాలంటే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే వేరే చోటికి వెళ్ళాలి. అక్కడా పేర్లుండవు, శాతమే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఆ శాతానికి కోరలొచ్చాయి. జీమెయిల్ పెట్టెలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిళ్ళు పంపేవాళ్ళు తమ డొమైన్ తమదేనని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పద్ధతుల్లో రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలివ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. యాహూ కూడా అదే దారి పట్టింది. వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు, మిగతా 997 మందికి వెళ్ళే మెయిలూ ప్రమాదంలో పడుతుందన్నమాట.

ఎక్స్‌పోర్ట్ దగ్గరికి వద్దాం. దించుకునేవి సాధారణంగా మూడు రకాలు. మొదటిది పీడీఎఫ్ సారాంశం, కమిటీ సమావేశంలో పంచడానికి తప్ప దేనికీ పనికిరాదు. మనిషికో వరస ఉండే పట్టిక రెండోది. జోహో క్యాంపెయిన్స్ లాంటి వాటిలో తెరిచినవారు, నొక్కినవారు, తిరిగొచ్చినవి అని జాబితాలు విడివిడిగా దిగుతాయి. మూడోది ఘటనకో వరస: ఫలానా చిరునామా, ఫలానా ప్రచారం, ఫలానా లంకె, ఫలానా సెకను. ఏపీఐ ద్వారానో, మరో దారినో ఈ మూడోది దొరికే వీలుంటే దాన్నే పట్టుకోవాలన్నది నా పక్షపాతం. మనిషికో వరస ఉన్న పట్టికను ఘటనల పట్టిక నుంచి ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు, తిరగేసి చెయ్యలేం. పైగా చందా ఆపేసిన రోజున తెర మీది గీతలన్నీ పోతాయి, మన దగ్గరున్న ఫైలే మిగులుతుంది. నెలకోసారి దించి పెట్టుకోవడం నామోషీ అనుకోకూడదు.

దించుకున్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు మెయిల్ పంపినవాళ్ళకు గుండె గుభేలుమంటుంది. శీర్షికల చోట పిచ్చి గుర్తులు బారులు తీరి ఉంటాయి. ఫైలు పాడవలేదు. అది యూటీఎఫ్-8లో ఉందని మొదట్లో గుర్తు లేకపోతే ఎక్సెల్ పాత పడమటి లిపుల పద్ధతిలో చదివేసి, మూడు బైట్ల తెలుగును మూడు వేరే గుర్తులుగా చూపిస్తుంది. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసి, 65001 అన్న యూనికోడ్ వరస ఎంచుకుంటే తెలుగు తెలుగులా వస్తుంది. కంగారులో అలాగే సేవ్ చేశారో, అప్పుడు నిజంగానే పాడయ్యే అవకాశముంది. దిగిన మూల ఫైలును ముట్టుకోకుండా ఒక నకలు మీద పనిచేయడమే క్షేమం.

లంకెల గడిలో ఇంకో వింత. వెబ్ చిరునామాలో తెలుగు పెడితే ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది. ఇందాకటి ‘స్త్రీ’ అక్కడ 54 గుర్తులవుతుంది. ప్రచారానికి తెలుగులో ట్యాగు పెట్టిన ఉత్సాహవంతులు ఫైలు తెరిచి చూస్తే తమ ట్యాగును తామే గుర్తుపట్టలేరు. అంతకన్నా దొంగ సమస్య కనబడని అక్షరం. ‘ఫ్రెష్‌వర్క్స్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో వెడల్పు లేని గుర్తొకటి పెడతాం. కొందరి కీబోర్డు పెడుతుంది, కొందరిది పెట్టదు. కొన్ని మాటల్లో అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు, కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేరు మాటలు. ఒకే ప్రచారం పట్టికలో రెండుగా చీలి, రెండిటికీ సగం సగం ఫలితాలు కనబడితే అనుమానించవలసింది దాన్నే. ట్యాగులు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, అంకెల్లో పెట్టుకోండి, భాషాభిమానం శీర్షికలో చూపించుకోవచ్చు.

పేర్ల గడిని చూసి నవ్వుకోవడానికి మనకు హక్కుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు రాసుకునే తెలుగువాళ్ళు, తండ్రి పేరు పొడి అక్షరంగా ముందు పెట్టుకునే తమిళులు కలిసి ఉన్న ఊరిది. అమెరికా లెక్కన కట్టిన ‘మొదటి పేరు’ గడిలో మనవాళ్ళలో చాలామందికి ఒక్క ‘కె’యో ‘వి’యో ఉంటుంది, మెయిల్ ‘ప్రియమైన కె’ అని పలకరిస్తుంది. నవ్వు సంగతి అలా ఉంచితే, రెండు ఫైళ్ళను పేరు ఆధారంగా కలపబోతే లక్ష్మి పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో అన్ని ముక్కలవుతుంది. ఎప్పుడైనా సరే చిరునామా ఆధారంగానే కలపాలి.

వేళల గడి గురించి ఆగి చెప్పుకోవాలి. చాలా ఫైళ్ళలో వేళ గ్రీనిచ్ లెక్కన నడిచే యూటీసీలోనో, ఖాతా తెరిచినప్పుడు ఎంచుకున్న మండలంలోనో ఉంటుంది. ఈ ఊరికి ఒకప్పుడు తన సొంత కాలమే ఉండేది. నుంగంబాక్కం వేధశాల లెక్కన మద్రాసు టైము గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు, రైళ్ళు దాన్నే పాటించేవి. 1906 జనవరి 1న ఐదున్నర గంటల భారత ప్రామాణిక కాలం వచ్చింది. ఆ ఐదున్నర గంటలు ఫైలులో సర్దకపోతే చెన్నైలో అర్ధరాత్రి నుంచి తెల్లారగట్ల ఐదున్నర దాకా జరిగినవన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. రాత్రి 12:40కి నొక్కినది ముందురోజు సాయంత్రం 7:10 అవుతుంది. మార్గళి నెలలో చీకటితో లేచి, కోలం వేసి, ఆ రోజు కచేరీల పట్టిక చూసుకునే మైలాపూరు రసికురాలు నిన్న రాత్రి చూసినట్టు తేలుతుంది. దాన్ని నమ్మి మెయిల్‌ను రాత్రికి మార్చేస్తే ఆమెకు అది పొద్దున్నకి పాతబడుతుంది. తేదీలోనూ మెలిక ఉంది. 03/04 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికా పద్ధతికి మార్చి నాలుగు. పన్నెండు దాటిన తేదీలు తప్పు బయటపెడతాయి, దాటనివి నోరు మూసుకుని కూర్చుంటాయి.

ఇంత శుభ్రం చేశాక మొదటి అంకెను మళ్ళీ కట్టి చూద్దాం. ఊరికే ఉదాహరణకు: ఒక సభ 4,000 మందికి పంపింది, 200 తిరిగొచ్చాయి, 3,800 చేరాయి, 1,520 తెరిచినట్టుంది, 114 మంది నొక్కారు. చేరినవాటి మీద ఓపెన్ రేటు 40 శాతం, పంపినవాటి మీద 38. నొక్కినవాళ్ళు చేరినవాటి మీద 3 శాతం, తెరిచినవాటి మీద ఏడున్నర. నాలుగూ నిజమే. ఒక సాధనం ఒకదాన్ని చూపిస్తే ఇంకోటి ఇంకోదాన్ని చూపిస్తుంది. సాధనం మార్చిన నెలలోనే ‘ఫలితాలు ఎగబాకాయి’ అని సంబరపడేవాళ్ళు ముందు విభాజకం మారిందేమో చూసుకోవాలి. ఇప్పుడు వరసల్లోకి దిగి, 3,800 మందిలో 400 మంది యాపిల్ మధ్యవర్తి ద్వారా చూసేవాళ్ళని, వాళ్ళలో 380 మంది ‘తెరిచార’ని తేలిందనుకోండి. వాళ్ళను పూర్తిగా పక్కన పెడితే 3,400 మందిలో 1,140. అంటే ముప్పైమూడున్నర శాతం. ఏ కమిటీకీ నచ్చని అంకె. దీనిక్కూడా బొమ్మలు ఆపుకున్నవాళ్ళ వైపు నుంచి తప్పుంది, కానీ ఆ తప్పు నెలనెలా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి గత నెలతో పోల్చడానికి పనికొస్తుంది. 2021కి ముందరి ఓపెన్ రేట్లతో ఇప్పటివి పోల్చడం మాత్రం మానుకోవాలి.

శీర్షిక రెండు రకాలుగా రాసి, చెరో 500 మందికి పంపి, ఒకదానికి 20 శాతం, ఇంకోదానికి 23 శాతం వచ్చిందని రెండోదాన్ని గెలిపించే అలవాటు అన్ని ఆఫీసుల్లోనూ ఉంది. 100 మంది, 115 మంది. ఆ తేడాలో కాకతాళీయపు ఊగిసలాటే రెండున్నర శాతం పైచిలుకు ఉంటుంది, వచ్చిన తేడా మూడు. గెలుపని చెప్పడానికి అది చాలదు. 20కీ 23కీ మధ్య తేడాను కాస్త నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు మూడు వేలమంది కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లో కలకత్తాలో తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించిన సి.ఆర్. రావు చూపించింది ఈ తరహా సంగతే: ఎంత తెలివైన పద్ధతిలో అంచనా కట్టినా, చేతిలో ఉన్న నమూనా ఇవ్వగల కచ్చితత్వానికి ఒక హద్దుంది. ఆ హద్దును ఏ సాఫ్ట్‌వేరూ దాటించలేదు. తప్పును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చెయ్యాలి. నాలుగు వేలమంది జాబితా ఉన్న సభ ఒక్క పరీక్షతో తేల్చబోకుండా, అదే తరహా తేడాను ఏడాది పొడుగునా పంపిన మెయిళ్ళలో ఎక్స్‌పోర్ట్ ఫైళ్ళన్నీ కలిపి చూడటం మేలు. తెర మీది డ్యాష్‌బోర్డు ఒక్కో మెయిల్‌ను విడివిడిగా పొగుడుతుంది, కలిపి చూడమని చెప్పదు.

చెన్నై నుంచి పంపే తెలుగు మెయిళ్ళు చెన్నైలోనే ఆగవు. నెల్లూరుకు, బెంగళూరుకు, న్యూజెర్సీకి, డాలస్‌కు వెళతాయి. ఇక్కడ ఒక లెక్క రెండుగా విడిపోతుంది. మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ, అమెరికాలో ఐఫోన్లు చాలా ఎక్కువ. కాబట్టి అమెరికా తెలుగువాళ్ళ ఓపెన్ రేటు ఎప్పుడూ కళకళలాడుతుంది. దాన్ని చూసి ‘ఇక్కడివాళ్ళకు పట్టదు, అక్కడివాళ్ళకే భాష మీద ప్రేమ’ అని నిట్టూర్చే ప్రసంగాలు విన్నాను. ఆ ప్రేమలో ఎంత భాగం యాపిల్ సర్వర్లదో చెప్పినవాళ్ళు లేరు. నొక్కినవాళ్ళను, తిరిగి ఉత్తరం రాసినవాళ్ళను, టికెట్ కొన్నవాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తేనే పోలికకు అర్థం. చెన్నైలో ఉదయం పదింటికి పంపిన మెయిల్ న్యూయార్కులో వేసవిలో అర్ధరాత్రి పన్నెండున్నరకు, శీతకాలంలో పదకొండున్నరకు చేరుతుందన్నదీ మరిచిపోకూడదు. పొద్దున లేచేసరికి దాని మీద ఇంకో ముప్పై మెయిళ్ళు పేరుకుని ఉంటాయి.

తిరిగి ఉత్తరం రాసినవాళ్ళు అన్నాను. ఏ ఎక్స్‌పోర్ట్‌లోనూ సరిగా దొరకనిది అదే. జవాబులు మామూలు మెయిల్ పెట్టెలోకి వస్తాయి, ప్రచార సాధనం లెక్కలోకి చాలాసార్లు రావు. ‘దీనికి జవాబివ్వొద్దు’ అన్న చిరునామా నుంచి పంపేవాళ్ళకైతే అసలే రావు. ఎవరో పెద్దాయన ‘బాబూ, పోయినసారి వయొలిన్ కచేరీకి మైకు సరిగా లేదు’ అని రాసిన నాలుగు వాక్యాలు ఓపెన్ రేటు కన్నా ఎక్కువ చెబుతాయి. వాటిని చేత్తోనైనా సరే ఫైలులో ఒక గడి పెట్టి ఎక్కించుకోవాలి. మెయిల్‌ను ఇంకొకరికి పంపేవాళ్ళ సంగతీ ఇంతే. చందమామ పక్కింటికి వెళ్ళినట్టే మెయిలూ బావగారికో, వియ్యపురాలికో వెళుతుంది. వాళ్ళు తెరిస్తే లెక్క మొదటివారి పేరునే పడుతుంది. ఒకే పేరు మీద తొమ్మిది ఓపెన్లు, రెండు ఊళ్ళ నుంచి క్లిక్కులు కనబడితే, ఆ పాఠకుడు పిచ్చివాడు కాడు, మన తరఫున పంచిపెడుతున్న మనిషి అయ్యుండొచ్చు.

ఇంత వివరంగా చదవగలిగిన ఫైలు అంతే వివరంగా మనుషులను బయటపెడుతుంది కూడా. ఎవరు రాత్రి ఒంటిగంటకు మెయిల్ చూస్తారో, ఎవరు మోకాళ్ళ నొప్పుల వ్యాసం నొక్కారో, ఎవరు ఉద్యోగ ప్రకటన దగ్గర ఆగారో అన్నీ అందులో ఉంటాయి. అలాంటి ఫైలును వాట్సాప్ గుంపులో పడేయడం ఇక్కడ అలవాటైన పని. 2023 ఆగస్టు 11న ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. తగిన భద్రత తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్ళొచ్చు. చిన్న సభలను ఎవరూ 250 కోట్లు అడగరనుకోండి. అయినా కస్టమర్ల జాబితా ఎంత విలువైన సొత్తో చెన్నైకి ఒకసారి బాగా తెలిసొచ్చింది. 2020 మార్చిలో జోహో, తన అమ్మకాల రహస్య సమాచారాన్ని వాడుకున్నారన్న ఆరోపణతో ఫ్రెష్‌వర్క్స్ మీద అమెరికా కోర్టుకెక్కింది. 2021లో రాజీతో అది ముగిసింది. అంత పెద్ద సంస్థలే జాబితాల కోసం సముద్రం దాటి కోర్టుకెళ్ళాయి.

కాబట్టి దించుకునేటప్పుడే గళ్ళు తగ్గించుకోవాలి. లెక్కకు చిరునామా ఒక్కటి చాలు, ఫోన్ నంబరు అక్కర్లేదు (పైగా ఎక్సెల్ దాని ముందరి సున్నాను మింగేస్తుంది). నెలవారీ మొత్తాలు కట్టాక చిరునామాల చోట సంకేత సంఖ్యలు పెట్టి, మూల ఫైలును తాళం వేసిన చోట ఉంచి, కొన్నాళ్ళకు చెరిపేయాలి. కమిటీకి పంపే పట్టికలో పేర్లుండకూడదు. ఒక్క జాబితా మాత్రం చెరపడానికి వీల్లేదు: ‘నాకు ఇంకెప్పుడూ పంపొద్దు’ అన్నవాళ్ళది. దాన్ని కూడా ఉత్సాహంగా చెరిపేస్తే, మరుసటేడు ఎవరో పాత ఫైలు ఎక్కించిన రోజున వాళ్ళందరికీ మళ్ళీ మెయిల్ వెళుతుంది. వద్దన్నవాళ్ళ మాట నిలబెట్టాలంటే వాళ్ళ చిరునామాను మనం దాచిపెట్టుకోవాలి. చిరునామాను యథాతథంగా కాకుండా, దాని నుంచి తీసిన హ్యాష్ అనే సంకేతంగా ఉంచుకుంటే కొత్త జాబితా ఎక్కించినప్పుడు పోల్చి పక్కన పెట్టడానికి అది చాలు. సాధనం మార్చేటప్పుడు ఎక్కువమంది వెంట తెచ్చుకోవడం మరిచిపోయే ఫైలు ఇదే, ముందుగా దించుకోవలసిందీ ఇదే.